గాదెలో గింజలు ఎవరివి?



నెల కిందట ఒక పెద్దాయన మా ఆఫీసుకి వచ్చారు. ఆఫీసంటే జిల్లా కోర్టు గేటుకి ఎదురుగా, జిరాక్సు షాపు మీద ఒక చిన్న గది. ఆయన చేతిలో గుడ్డసంచి, సంచిలో ప్లాస్టిక్ కవరు, కవర్లో అంచులు నలిగిన కాగితాలు. ముప్పై ఒక్క ఏళ్లు ఒక ప్రైవేటు కంపెనీలో మెషీను దగ్గర నిలబడి పనిచేసిన మనిషి. ఆ కంపెనీ ఉద్యోగుల కోసం సొంతంగా ఒక పింఛను ట్రస్టు పెట్టుకుంది. ట్రస్టు లెక్కలు చూపించాలని, తమకు తగ్గించి ఇస్తున్న పింఛను సరిచేయించాలని ఆయనా, ఆయనతో పాటు రిటైరైన మరో ఆరుగురూ కలిసి దావా వేశారు. వ్యవహారం సాక్షుల దాకా పోనేలేదు. దావాకు తగిన కారణమే కనబడటం లేదని కోర్టు మొదట్లోనే తిరస్కరించింది.

"కేసు కొట్టేశారంటమ్మా. ముప్పై రోజులు దాటితే అప్పీలు కూడా లేదంటున్నారు. ఇంక అయిపోయినట్టేనా?" అన్నారు, కూర్చోకుండానే.

"ముందు కూర్చోండి బాబాయ్ గారూ" అని కాగితాలు అందుకున్నాను. తీర్పు మొదటి పేజీ చదవలేదు. ఆఖరి పేజీ వెనక్కి తిప్పాను. మన కోర్టులిచ్చే సర్టిఫైడ్ కాపీ వెనక ఒక ముద్ర ఉంటుంది. కాపీకి దరఖాస్తు పెట్టిన తేదీ, చార్జీలు కట్టమన్న తేదీ, కట్టిన తేదీ, కాపీ తయారైన తేదీ, చేతికిచ్చిన తేదీ అందులో వరసగా నింపుతారు. మా వృత్తిలో తీర్పుకన్నా ముందు చదవవలసింది ఆ ముద్రే. ఆయన తేదీల సంగతి తర్వాత చెబుతాను. ఆ కాగితాలు చదువుతున్నంతసేపూ నా మనసులో మెదిలిన ఒక అమెరికా కేసు గురించి ముందు మాట్లాడాలి.

అమెరికా కేసు మనకెందుకని మీకు అనిపించవచ్చు. ఇవాళ మన ఊళ్లలో చాలా ఇళ్లకు అక్కడ ఒక కొడుకో కూతురో ఉన్నారు. నెలనెలా వాళ్ల జీతంలోంచి రిటైర్మెంటు కోసం కొంత కోత పడుతోంది. అంతకన్నా ముఖ్యమైన కారణం ఇంకొకటుంది. పింఛను సొమ్ము దుర్వినియోగమైందా లేదా అని వినేముందు కోర్టు వేసే మొదటి ప్రశ్న, "అడగడానికి మీరెవరు?" అన్న ప్రశ్న, ఆ కేసులో ఏ ముసుగూ లేకుండా ఆ దేశపు అత్యున్నత న్యాయస్థానం ముందుకు వచ్చింది.

దానికి ముందు ఒక మూతపడిన ఫ్యాక్టరీ కథ ఉంది. ఇండియానా రాష్ట్రంలో సౌత్ బెండ్ అనే ఊరు. అక్కడ స్టూడ్‌బేకర్ అనే కార్ల కంపెనీ ఉండేది. 1852లో బళ్లు తయారుచేసే దుకాణంగా మొదలైన సంస్థ అది. 1963 డిసెంబరులో ఆ ఊరి ఫ్యాక్టరీ మూసేస్తున్నామని ప్రకటించింది. కార్మికులకు పింఛను పథకం ఉంది. అందులో ఇచ్చిన మాటకు సరిపడా డబ్బు మాత్రం లేదు. అరవై ఏళ్లు దాటి, పదేళ్ల సర్వీసు ఉన్న సుమారు 3,600 మందికి పూర్తి పింఛను దక్కింది. నలభై నుంచి అరవై లోపు వయసున్న, పదేళ్లు పనిచేసిన నాలుగు వేల మందికి రావలసిన దాంట్లో రూపాయికి పదిహేను పైసల చొప్పున చేతికొచ్చింది. మిగిలిన దాదాపు 2,900 మందికి ఏమీ రాలేదు. యాభై తొమ్మిదేళ్ల మనిషికీ అరవై ఏళ్ల మనిషికీ మధ్య ఒక్క పుట్టినరోజు తేడా. ఆ ఒక్క పుట్టినరోజు ముసలితనాన్ని రెండు రకాలుగా రాసేసింది.

ఆ దెబ్బ ఆ దేశం మరిచిపోలేదు. పదేళ్లకు పైగా వాదోపవాదాలు నడిచాయి. చివరికి 1974 సెప్టెంబరు 2న అధ్యక్షుడు జెరాల్డ్ ఫోర్డ్ ఒక చట్టం మీద సంతకం చేశారు. ఎంప్లాయీ రిటైర్మెంట్ ఇన్‌కమ్ సెక్యూరిటీ యాక్ట్ దాని పేరు. పొడి అక్షరాలతో ఎరిసా అంటారు. పింఛను ఇచ్చి తీరాలని ఈ చట్టం ఏ కంపెనీనీ బలవంతం చెయ్యదు. ఇస్తానని ముందుకొస్తే మాత్రం ఎలా నడపాలో చెబుతుంది. పింఛను సొమ్ము కంపెనీ ఖజానాలో కలవకూడదు, ట్రస్టులో విడిగా ఉండాలి. దాన్ని చూసేవాళ్లు ఉద్యోగుల మేలు కోసమే చూడాలి. జాగ్రత్త ఎరిగిన మనిషి పెట్టినట్టు పెట్టుబడి పెట్టాలి, ఉన్నదంతా ఒకేచోట పెట్టకూడదు. ఇది తప్పితే ఉద్యోగి కోర్టుకు వెళ్లవచ్చు. ఈ బాధ్యత మోసేవాళ్లకి మన భాషలో చక్కని మాట ఎప్పటినుంచో ఉంది: ధర్మకర్త. గుడి మాన్యం ధర్మకర్త చేతిలో ఉంటుంది, కానీ ఆయన సొంతం కాదు. ఎరిసా చెప్పినదీ అదే.

ఇక్కడ పింఛన్లలో రెండు రకాలున్నాయని గుర్తుపెట్టుకోవాలి. ఒకటి, రిటైరయ్యాక నెలకు ఇంత ఇస్తామని లెక్క కట్టి మాటివ్వడం. పెట్టుబడులు పెరిగినా తరిగినా ఆ అంకె మారదు. రెండోది, నెలనెలా ఇంత జమచేస్తాం, పెరిగితే నీదే, తరిగితే నీదే అనడం. మన పిల్లలు అక్కడ 401(కె) అని చెప్పే ఖాతా ఈ రెండో రకం. నేను చెప్పబోయే కేసు మొదటి రకానిది.

కేసు పేరు థోల్ వర్సెస్ యు.ఎస్. బ్యాంక్. ఆ బ్యాంకులో పనిచేసి రిటైరైన ఇద్దరు 2013లో మిన్నెసోటాలోని ఫెడరల్ కోర్టులో దావా వేశారు. వాళ్లలో ఒకరికి నెలకు 2,198 డాలర్ల 38 సెంట్లు పింఛను. రెండో ఆమెకు 42 డాలర్ల 26 సెంట్లు. ఈ రెండు అంకెలూ తీర్పుల చరిత్రలో నిలిచిపోయాయి. వాళ్ల ఆరోపణ ఇది: 2007 నుంచి 2010 మధ్య పింఛను నిధిని చూసేవాళ్లు సొమ్మంతా షేర్లలోనే పెట్టారు. అందులోనూ బ్యాంకుకు చెందిన సంస్థ నడిపే ఫండ్లలో పెట్టి, దాని మీద ఫీజులు కూడా బ్యాంకు వైపే మళ్లించుకున్నారు. 2008లో మార్కెట్లు కుప్పకూలాయి, నిధికి 110 కోట్ల డాలర్ల నష్టం వచ్చింది. సొమ్మును జాగ్రత్తగా నాలుగు చోట్ల సర్ది ఉంటే అందులో సుమారు 75 కోట్ల డాలర్లు నష్టపోయేవాళ్లం కాదు. ఆ సొమ్ము మాకివ్వమని వాళ్లు అడగలేదు. నిధికి తిరిగి కట్టమని అడిగారు.

దావా నడుస్తుండగానే బ్యాంకు ఆ నిధిలో 30 కోట్ల డాలర్లకు పైగా జమచేసింది. అంతవరకూ లోటులో ఉన్న నిధి మిగులులోకి వచ్చింది. ఆ రోజునుంచి కేసు స్వరూపమే మారిపోయింది.

అక్కణ్ణించి జరిగింది చూడండి. మొదటి కోర్టు, నిధి ఇప్పుడు నిండుగా ఉంది కాబట్టి వివాదమే మిగల్లేదని కొట్టేసింది. వాదులు అప్పీలుకు వెళ్లారు. ఎనిమిదో సర్క్యూట్ అప్పీలు కోర్టు 2017లో ఆ ఫలితాన్నే ఉంచింది కానీ కారణం మార్చింది. నిధి మిగులులో ఉన్నప్పుడు ఇలాంటి దావాకు ఎరిసా చట్టమే చోటివ్వదని చెప్పింది. వాళ్లు సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2020 జూన్ 1న అయిదుగురు ఒకవైపు, నలుగురు ఒకవైపుగా తీర్పు వచ్చింది. ఫలితం మళ్లీ అదే, కారణం మళ్లీ వేరు. ఈసారి అడ్డొచ్చింది చట్టం కాదు, రాజ్యాంగం. సొంతంగా నష్టపోనివాడికి ఫెడరల్ కోర్టు తలుపు తట్టే అర్హతే లేదన్నారు.

ఒకే కేసు, మూడు కోర్టులు, ఒకే మాట: కొట్టివేత. దాని వెనక మూడు వేర్వేరు కారణాలు. కేసు కొట్టేశారు అని విన్నప్పుడల్లా నేను ముందు ఏ కారణంతో అని అడిగేది అందుకే. వివాదం ముగిసిపోయిందని కొట్టేస్తే చెప్పవలసిన జవాబు ఒకటి. చట్టం చోటివ్వదంటే మరొకటి. అర్హత లేదంటే ఇంకొకటి. అప్పీలులో ఏడేళ్ల కోపం పనికిరాదు. కింది కోర్టు ఏ మెట్టు మీద జారిందో ఆ మెట్టుని వేలుపెట్టి చూపించాలి.

సుప్రీంకోర్టులో ఎక్కువమంది తరఫున తీర్పు రాసింది జస్టిస్ బ్రెట్ కవనా. ఆయన వాదనను మన పల్లె మాటల్లో పెట్టి చూస్తాను. ఒక ఆసామి దగ్గర పాలేరు ఉన్నాడు. ఏడాదికి పది బస్తాలు కూలి అని ఒప్పందం. గాదె కింద పందికొక్కు చేరి ధాన్యం తినేస్తోంది. పాలేరు వెళ్లి తగువు పెట్టాడు. పెద్దమనుషులు అడిగారు: "నీకు పది బస్తాలు వస్తున్నాయా?" వస్తున్నాయి. "తగువు గెలిస్తే పదకొండో బస్తా వస్తుందా?" రాదు. "ఓడితే తొమ్మిదవుతాయా?" కావు. "మరి నీకేం పోయిందని వచ్చావు?" కవనా తీర్పు సారం ఇదే. గెలిచినా ఓడినా వాదుల నెల పింఛనులో ఒక్క సెంటు మారదు. పైగా లాయర్ల ఫీజు కింద 3 కోట్ల 10 లక్షల డాలర్లు అడిగారని కూడా తీర్పు ప్రస్తావించింది. నిధి మునిగితే ఆదుకోవడానికి ప్రభుత్వ పింఛను బీమా సంస్థ ఉంది, నిఘా పెట్టడానికి కార్మిక శాఖ ఉంది అంది.

ఈ వాదనలో తర్కం లేదని నేననను. చాలా గట్టి తర్కం. కానీ నా మనసు ఒప్పుకోదు. ఎందుకంటే ఆ గాదె ఆసామిది కాదు. స్టూడ్‌బేకర్ కార్మికుల కన్నీళ్ల తర్వాత వచ్చిన చట్టం మొట్టమొదట చేసిన పనే గాదెను ఆసామి ఇంట్లోంచి బయటికి తెచ్చి ధర్మకర్తకు అప్పగించడం. ఆ గింజలు పాలేరు పేరు మీద పక్కన పెట్టినవి. పింఛను దానం కాదు. ఇరవై ఏళ్లు, ముప్పై ఏళ్లు చేతికివ్వకుండా దాచి ఉంచిన జీతం అది. దాచినవాణ్ణి దాని లెక్క అడగడానికి గాదె ఖాళీ అయ్యేదాకా ఆగమంటే ఎలా?

భిన్నాభిప్రాయం రాసిన జస్టిస్ సోనియా సోటోమయోర్ ఇదే చెప్పారు. ట్రస్టు సొమ్ములో లబ్ధిదారుకు హక్కు ఉంటుందని, ధర్మకర్త నమ్మకం తప్పడమే లబ్ధిదారుకు జరిగిన నష్టమని, ట్రస్టు చట్టం తరతరాలుగా అలాగే నడిచిందని ఆమె వాదించారు. పింఛను ఆగిపోయే అంచుకు వచ్చేదాకా పింఛనుదారు కోర్టుకు రాకూడదన్నట్టు తీర్పు ఉందని బాధపడ్డారు. రూత్ బాడర్ గిన్స్‌బర్గ్, స్టీఫెన్ బ్రేయర్, ఎలీనా కేగన్ ఆమెతో నిలిచారు. అప్పటికి వాళ్లు నలుగురే.

ఇంకొక విషయం మాత్రం చెప్పితీరాలి, ఎందుకంటే దావా రాసే ప్రతి ఒక్కరికీ అది పాఠం. తీర్పులో ఒక కిటికీ తెరిచే ఉంది. నిర్వాహకుల తప్పువల్ల నిధి మునిగిపోయి పింఛను ఆగే ప్రమాదం బాగా పెరిగిందని వాదులు నమ్మదగిన వివరాలతో దావాలో రాసి ఉంటే ఏమవుతుంది? ఆ ప్రశ్నకు కోర్టు తలుపు మూసెయ్యలేదు. ఈ దావాలో అలాంటి వివరం లేదని మాత్రం అంది. అప్పీలు కోర్టులో కొత్త సంగతి రాయడానికి వీల్లేదు. కింది కోర్టులో పెట్టిన కాగితమే పై కోర్టులో గొంతు. అందులో లేనిది ఎంత నిజమైనా అక్కడ వినిపించదు.

అమెరికాలో అప్పీలు నడిచే తీరు నాలుగు మాటల్లో చెబుతాను. ఫెడరల్ కోర్టులో ఇద్దరు ప్రైవేటు వ్యక్తుల మధ్య సివిల్ దావా కొట్టేస్తే, తీర్పు నమోదైన 30 రోజుల్లో అప్పీలు నోటీసు దాఖలు చెయ్యాలి. ముగ్గురు జడ్జీలు వింటారు. సాక్షులు ఉండరు. సాక్ష్యం విని ఇచ్చిన తీర్పు మీద అప్పీలుకూ, మొదట్లోనే కొట్టేసిన తీర్పు మీద అప్పీలుకూ చాలా తేడా ఉంది. సాక్షిని కళ్లారా చూసింది కింది జడ్జి కాబట్టి ఆయన తేల్చిన వాస్తవాల జోలికి పై కోర్టు అంత తేలిగ్గా పోదు. కానీ మొదట్లోనే కొట్టేసిన కేసులో కింది జడ్జి చూసినదీ కాగితమే, పై జడ్జీలు చూసేదీ అదే కాగితం. అందుకని పై కోర్టు మొదటినుంచీ తాజాగా చదువుతుంది. దావాలో రాసిన సంగతులన్నీ నిజమనే అనుకుని, నిజమైతే చట్టం ఉపశమనం ఇస్తుందా అని మాత్రమే చూస్తుంది. ఆరంభంలోనే ఓడిపోయిన పింఛనుదారు గుండె దిటవు చేసుకోవడానికి ఇంతకన్నా మంచి కారణం లేదు.

గడువు విషయంలో మాత్రం అక్కడ దయ తక్కువ. 2007లో బౌల్స్ వర్సెస్ రస్సెల్ అని ఒక కేసు వచ్చింది. పింఛను కేసు కాదు, ఒక ఖైదీ కేసు. నిబంధన ప్రకారం జడ్జి పెంచగలిగే గడువు 14 రోజులే. జడ్జి పొరపాటున 17 రోజులిచ్చారు. ఉత్తర్వులో తేదీ చూసుకుని ఆ మనిషి పదహారో రోజున అప్పీలు వేశాడు. కోర్టు చెప్పిన తేదీలోపే వేశాడు. అయినా అప్పీలు చెల్లదని సుప్రీంకోర్టు అయిదుకు నాలుగు ఓట్లతో తేల్చింది. జడ్జి చేసిన తప్పుకు కూడా చట్టం పెట్టిన గడువు సాగదన్నమాట. ఆ తీర్పు చదివిన రోజునుంచి ఎవరు చెప్పిన తేదీనీ నేను నమ్మను. చట్టం తీసి, వేళ్ల మీద లెక్కపెట్టుకుంటాను.

అందరూ ఓడిపోలేదు. నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయం ఉద్యోగుల కేసు చూడండి. వాళ్ల రిటైర్మెంటు పథకాల్లో 400కు పైగా పెట్టుబడి మార్గాలు పెట్టారని, ఫీజులు ఎక్కువ లాగారని వాళ్ల ఫిర్యాదు. చవకైనవి కూడా ఆ జాబితాలో ఉన్నాయి కదా, కావలసినవాళ్లు అవి ఎంచుకోవచ్చు కదా అని మొదటి కోర్టు కొట్టేసింది, ఏడో సర్క్యూట్ సరే అంది. 2022 జనవరి 24న సుప్రీంకోర్టు ఎనిమిది మంది ఏకాభిప్రాయంతో ఆ తీర్పు తోసిపుచ్చింది. ఉద్యోగికి ఎంచుకునే వీలుందన్న మాట ధర్మకర్త బాధ్యతను తుడిచెయ్యదని, చెడ్డ ఫండును జాబితాలోంచి తీసేసే పని ధర్మకర్తదేనని చెప్పింది. సంతలో మంచి వంకాయలు కూడా ఉన్నాయని పుచ్చువాటిని అమ్మడం ఒప్పయిపోదు కదా.

మూడేళ్లకు కార్నెల్ విశ్వవిద్యాలయం కేసు వచ్చింది. పింఛను నిధికి సేవలందించే సంస్థలతో లావాదేవీలను ఎరిసా ముందు నిషేధిస్తుంది, తర్వాత కొన్ని షరతులతో మినహాయిస్తుంది. మొదటి కోర్టు ఆ భాగాన్ని కొట్టేసింది. ఆ మినహాయింపు వర్తించదని వాదే దావాలో ముందుగా రాసి చూపించాలని అప్పీలు కోర్టు పట్టుబట్టి, ఆ కొట్టివేతనే ఉంచింది. ఇక్కడున్న చిక్కు మన పెద్దాయన చిక్కే. లెక్కల పుస్తకాలన్నీ ఎదుటివాళ్ల బీరువాలో ఉంటే, వాళ్లు చెల్లించిన ఫీజు సబబా కాదా అని ఉద్యోగి దావా వేసిన రోజునే ఎలా చెప్పగలడు? 2025 ఏప్రిల్ 17న తొమ్మిదిమంది జడ్జీలూ ఒక్కమాటగా, ఆ బరువు వాదిది కాదన్నారు. మినహాయింపు ఉందని చెప్పుకునేవాళ్లే దాన్ని నిరూపించుకోవాలన్నారు. రెండు తీర్పులూ రాసింది జస్టిస్ సోటోమయోరే. థోల్ కేసులో ఓడిపోయిన పక్షాన నిలిచిన కలం ఈ రెండింటిలో అందరి తరఫునా రాసింది.

అయితే ఈ గెలుపులో డబ్బు లేదు. కేసు తిరిగి కిందకి వెళుతుంది, అప్పుడు మొదలవుతుంది అసలు విచారణ. నార్త్‌వెస్టర్న్ వాళ్లకి తొలి కోర్టులో కొట్టివేతకీ సుప్రీంకోర్టు తీర్పుకీ మధ్య మూడున్నరేళ్లకు పైగా పట్టింది. డెబ్భై ఏళ్ల మనిషికి మూడున్నరేళ్లు అంటే ఎంతో వేరే చెప్పక్కర్లేదు. మా పెద్దాయన దావాలోని ఏడుగురు వాదుల్లో ఇద్దరు దావా నడుస్తుండగానే పోయారు.

మన దేశం సంగతికి వస్తే, ఉద్యోగుల పింఛను పథకం 1995 నవంబరు 16న మొదలైంది. దాని కథలోనూ కొట్టివేత అన్న మాట ఎన్నిసార్లు ఎటు తిరిగిందో ఈ ప్రసంగం వింటున్న రిటైరైన కార్మికులకు బాగా తెలుసు. హిమాచల్ ప్రదేశ్ ఉద్యోగులు కొందరు, తమకు అసలు జీతం మీద పింఛను లెక్కకట్టాలని అడిగారు. యజమాని అసలు జీతం మీదే వాటా కట్టాడు కదా అన్నది వాళ్ల మాట. హైకోర్టు డివిజన్ బెంచిలో ఓడిపోయారు. అప్పీలుకు వెళ్లి 2016 అక్టోబరు 4న సుప్రీంకోర్టులో గెలిచారు. మేలు చేసే పథకాన్ని అసలు జీతం మీద పింఛనుకు ఆప్షన్ పెట్టుకునే గడువు తేదీ పేరు చెప్పి వమ్ము చెయ్యకూడదని ఆర్.సి. గుప్తా కేసులో కోర్టు చెప్పింది.

తర్వాత 2018 అక్టోబరులో కేరళ హైకోర్టు, పింఛను పథకానికి 2014లో చేసిన సవరణలను కొట్టేసింది. ఆ పథకాన్ని నడిపే భవిష్యనిధి సంస్థ సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2019 ఏప్రిల్ 1న ఆ పిటిషన్ను కోర్టు డిస్మిస్ చేసింది. ఆ రోజు మన రెండు రాష్ట్రాల్లోనూ పింఛనుదారులు మిఠాయిలు పంచుకున్నారు. నాకు ఫోను చేసి, "అమ్మా, మనం గెలిచాం" అన్నవాళ్లున్నారు. వాళ్ల సంతోషం చల్లార్చడం ఇష్టంలేక గట్టిగా చెప్పలేకపోయాను కానీ నాకు భయంగానే ఉంది. కారణాలు రాయకుండా స్పెషల్ లీవ్ పిటిషన్ను తోసిపుచ్చితే, అప్పీలుకు అనుమతి ఇవ్వలేదన్నంతవరకే దాని అర్థం. కింది తీర్పును పై కోర్టు తనదిగా చేసుకున్నట్టు కాదు. 2000 సంవత్సరంలోనే కున్హయమ్మద్ కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతి స్పష్టం చేసింది. భయపడినట్టే 2021 జనవరి 29న ఆ డిస్మిస్ ఉత్తర్వును కోర్టు వెనక్కి తీసుకుంది. 2022 నవంబరు 4న ముగ్గురు జడ్జీల తీర్పు వచ్చింది. 2014 సవరణలు చాలావరకు నిలిచాయి. 2014 సెప్టెంబరు 1 నాటికి సర్వీసులో ఉన్నవాళ్లకి ఆప్షన్ పెట్టుకోవడానికి మరో అవకాశం దొరికింది. ఆ గడువు పెరుగుతూ పెరుగుతూ 2023 జులై 11 దాకా సాగింది. 2014 సెప్టెంబరు 1కి ముందే రిటైరై, ఆప్షన్ పెట్టుకోనివాళ్లు మాత్రం బయటే మిగిలారు. మళ్లీ ఒక్క తేదీ, రెండు రకాల ముసలితనాలు. సౌత్ బెండ్‌లో అరవయ్యో పుట్టినరోజు చేసిన పని ఇక్కడ సెప్టెంబరు ఒకటో తారీఖు చేసింది.

పెద్దాయన కాగితాల దగ్గరికి వస్తాను.

ముద్ర మీద తేదీలు ఆయనకే చదివి వినిపించాను. తీర్పు వచ్చి ఆ రోజుకి 41 రోజులు. కానీ కాపీ కోసం దరఖాస్తు పెట్టిన రోజునుంచి అది తయారైన రోజు వరకు పట్టిన కాలాన్ని లిమిటేషన్ చట్టం పన్నెండో సెక్షను మినహాయిస్తుంది. ఆయనకు కాపీ తయారవడానికి 19 రోజులు పట్టింది. అంటే లెక్కలోకి వచ్చేవి 22 రోజులే. జిల్లా కోర్టుకు అప్పీలు గడువు 30 రోజులు. దాటిపోయినా, తగిన కారణం చూపించి ఆలస్యం మన్నించమని అడిగే వీలు మన చట్టంలో ఉంది. ఆయనకు ఆ అవసరమే రాలేదు.

తర్వాత తీర్పు చదివాను. పింఛను పథకం ప్రకారం ఇస్తున్నారు, ట్రస్టు లెక్కలు వాదులకు సంబంధించినవి కావు, అందుచేత దావాకు కారణం లేదు అన్నది సారాంశం. థోల్ కేసులో వినబడిన గొంతే ఇక్కడా వినబడింది. అప్పుడు దావా ప్రతి తీశాను. తొమ్మిదో పేరాలో ఆ ఏడుగురిలో ఒక్కొక్కరికి నెలకు ఎంత రావాలి, ఎంత వస్తోంది, ఏ నెలనుంచి తగ్గింది అని రూపాయలు పైసలతో సహా రాసి ఉంది. వాళ్ల పాత లాయరు ఎవరో చాలా ఓపికగా చేసిన పని అది. దావాను మొదట్లోనే తిరస్కరించాలంటే కోర్టు దాన్ని మొత్తంగా చదవాలి. తీర్పును మొదటినుంచి చివరిదాకా రెండుసార్లు చూశాను. తొమ్మిదో పేరా ప్రస్తావన ఎక్కడా లేదు. అమెరికాలో ఆ ఇద్దరికీ లేనిది, తమ జేబులోంచి పోయిందని చూపించే లెక్క, వీళ్లకు ఉంది.

ఇంకొక దారి కూడా ఉందని ఆయనకు చెప్పాను. సివిల్ ప్రొసీజర్ కోడ్ ప్రకారం తిరస్కరించిన దావాకు బదులు కొత్త దావా వేసుకోవచ్చు. కాకపోతే కాలపరిమితి మళ్లీ మొదటినుంచి చూడాలి. పాత బకాయిల్లో కొన్నేళ్లవి పోతాయి. తొమ్మిదో పేరా చేతిలో ఉండగా అది ఎందుకు వదులుకోవాలి?

పెన్సిలుతో ఆ పేరా పక్కన గీత గీశాను. పెద్దాయన కళ్లజోడు పెట్టుకుని ఆ అంకెల్లో తన పేరు ఎదురుగా ఉన్నది వెతుక్కుని, వేలు పెట్టి చూసుకున్నారు.

"ఇంకా ఎన్ని రోజులుందమ్మా?"

"ఎనిమిది" అన్నాను. "మిగతావాళ్ల సంతకాలు కావాలి. రేపు పొద్దున్నే రండి."